ధ్రువాల చమురు, దామరచర్ల బొగ్గు, పాలమూరు ఎండ

ఆర్కిటిక్ వలయానికి పైన, ఇంకా ఎవరూ తవ్వి చూడని చోట్ల, 9,000 కోట్ల బ్యారెళ్ళ చమురు ఉండొచ్చని అమెరికా భూగర్భ సర్వే సంస్థ 2008లో అంచనా వేసింది. ప్రపంచంలో ఇంకా కనుక్కోవాల్సిన చమురులో అది 13 శాతం. గ్యాస్ అయితే 30 శాతం. అంకె వింటే కళ్ళు తిరుగుతాయి. కానీ ప్రపంచం రోజుకు వాడే చమురు 10 కోట్ల బ్యారెళ్ళ పైమాటే. భాగించి చూడండి, ఒక్క చుక్క వదలకుండా తోడినా రెండున్నరేళ్ళకు సరిపోదు.

ఈ ఒక్క భాగహారం చూపించి ధ్రువాల్లో తవ్వకం దండగ అని తేల్చేసేవాళ్ళున్నారు. అది తొందరపాటు. ప్రపంచం మొత్తాన్ని ఒక్కటే పోషించే చమురు బావి ఎక్కడా లేదు. అలాస్కా ఉత్తర కొసన ఉన్న ఆర్కిటిక్ జాతీయ వన్యప్రాణి అభయారణ్యం సంగతే తీసుకుందాం. ఆ తీర మైదానం కింద సుమారు 1,040 కోట్ల బ్యారెళ్ళు ఉండొచ్చన్నది 1998 నాటి అంచనా. ప్రపంచానికి అది మూడున్నర నెలల సరుకే. రోజుకు 55 లక్షల బ్యారెళ్ళు వాడే మన దేశానికి మాత్రం ఐదేళ్ళ సరుకు. వాడే ముడి చమురులో 85 శాతానికి పైగా బయటినుంచి తెచ్చుకునే మనం దాన్ని చిన్నదని ఎలా అంటాం?

వరి కోతలప్పుడు మిర్యాలగూడ రోడ్డులో ఏ బంకు దగ్గరైనా కాసేపు నిలబడండి. బైకు వెనక ప్లాస్టిక్ డబ్బాలు కట్టుకుని వచ్చేవాళ్ళు వరసగా కనిపిస్తారు. హార్వెస్టర్ పొలం వదిలి బంకు దాకా రాదు, డీజిలే దాని దగ్గరికి పోవాలి. వడ్లు మోసే ట్రాక్టర్, మిల్లు ముందు లైనులో ఉన్న లారీ, బియ్యం ఎత్తుకుపోయే ఇంకో లారీ, అన్నీ దాని మీదే నడుస్తాయి. డీజిల్ రెండు రూపాయలు పెరిగిందంటే హార్వెస్టర్ గంట కిరాయి ఎంత పెంచాలన్న లొల్లి ఆ సాయంత్రమే మొదలవుతుంది. అందుకే, ‘చమురు ఎక్కడ దొరికితే ఏంది, ధర దిగితే చాలు’ అనే మాట మన దగ్గర తేలిగ్గా వస్తుంది.

దిగుతుందా? అమెరికా ఇంధన సమాచార సంస్థ 2008లోనే ఆ లెక్క కట్టింది. అభయారణ్యాన్ని తవ్వకాలకు తెరిస్తే, ఉత్పత్తి బాగా సాగే రోజుల్లో ప్రపంచ ధర మీద పడే ప్రభావం, మధ్యస్థ అంచనాలో, బ్యారెల్‌కు 75 సెంట్లు. బ్యారెల్‌కు 159 లీటర్లు. ఇప్పటి రూపాయల్లోకి మార్చుకుంటే లీటరుకు అర్ధ రూపాయి కూడా రాదు. అదీ చమురు ఎగుమతి చేసే దేశాల కూటమి ఒపెక్ తన ఉత్పత్తి కాస్త తగ్గించుకోకుండా ఉంటేనే. మన బంకులో ధరను కదిలించడానికి ఢిల్లీ ఎక్సైజ్, హైదరాబాద్ వ్యాట్ చాలు.

ఈ వ్యవహారంలో మన చేతులూ ఉన్నాయి. రష్యాలో, ఆర్కిటిక్ వలయానికి ఉత్తరాన ఉన్న వాంకోర్ చమురు క్షేత్రంలో 2016లో భారత ప్రభుత్వ రంగ సంస్థలన్నీ కలిసి 49.9 శాతం వాటా కొన్నాయి. ఓఎన్‌జీసీ విదేశ్‌ది 26 శాతం, మిగిలింది ఆయిల్ ఇండియా, ఇండియన్ ఆయిల్, భారత్ పెట్రో రిసోర్సెస్‌ల కూటమిది. ఇంధన భద్రత కోసమన్నారు. 2022లో యుక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక రష్యా ఆస్తుల మీద రావాల్సిన డివిడెండ్ డబ్బు అక్కడి బ్యాంకుల్లోనే ఇరుక్కుపోయింది. చమురు మనదే, పైసలు మాత్రం మన చేతికి రావు. ధ్రువ చమురు గురించి మాట్లాడేటప్పుడు ఎందుకో ఈ ముచ్చట ఎవరూ ఎత్తరు.

ఇక అసలు చిక్కుముడి. ధ్రువ చమురు కావాలా, సోలార్ కావాలా అని అడిగే ప్రశ్నే సగం తప్పు. మన దేశంలో చమురుతో తయారయ్యే కరెంటు దాదాపు సున్నా. పాలమూరు చెలకలో పెట్టిన సోలార్ ప్లేటు బొగ్గును పక్కకు తోస్తుంది గానీ హార్వెస్టర్ ట్యాంకులోని డీజిల్‌ను తోయలేదు. ఈ రెంటినీ ఒకే త్రాసులో పెట్టాలంటే మధ్యలో బండి మారాలి. పెట్రోలుతో నడిచేది బ్యాటరీతో నడవాలి, లారీ మీద పోయే సరుకు కరెంటు రైలెక్కాలి. ఆ మార్పు ఎంత తొందరగా జరుగుతుంది, అటు ధ్రువాల నుంచి చమురు ఎంత తొందరగా వస్తుంది అన్నదే అసలు పోటీ.

చమురు వైపు నుంచి చూద్దాం. విల్లో అనే ప్రాజెక్టు అలాస్కా ఉత్తర భాగంలో ఉంది. అక్కడ కోనోకోఫిలిప్స్ కంపెనీ లీజులు తీసుకున్నది 1990ల చివర్లో. చమురు దొరికిందని ప్రకటించింది 2017లో. బైడెన్ ప్రభుత్వం అనుమతి ఇచ్చింది 2023 మార్చిలో. మొదటి చుక్క బయటికొచ్చేది 2029లో అంటున్నారు. అంటే ముప్పై ఏళ్ళు. ఈ మధ్యలో మన దేశపు సోలార్, 2014లో మూడు వేల మెగావాట్లు కూడా లేనిది, 2025 జనవరికి లక్ష మెగావాట్లు దాటింది. తెలంగాణ ఏర్పడిన నాలుగేళ్ళకే రాష్ట్రంలో సోలార్ మూడు వేల మెగావాట్ల పైకి పోయింది. జడ్చర్ల, కల్వకుర్తి వైపు రోడ్డు పక్కన నల్లటి పలకల వరసలు పుట్టుకొచ్చింది ఆ రోజుల్లోనే.

తవ్వకం ఖర్చు ఇంకో కథ. షెల్ కంపెనీ అలాస్కా పక్కనున్న చుక్చీ సముద్రం మీద దాదాపు 700 కోట్ల డాలర్లు పెట్టింది. 2012 డిసెంబర్ 31న దాని కుల్లుక్ రిగ్గు తుపానులో తాడు తెగి ఒడ్డుకు కొట్టుకుపోయింది. మూడేళ్ళకు షెల్ మళ్ళీ వచ్చి 6,800 అడుగులు తవ్వింది. గ్యాస్, చమురు జాడలున్నాయి కానీ తీస్తే గిట్టదని 2015 సెప్టెంబర్‌లో మూట కట్టుకుని పోయింది. మూడో బోరు కూడా ఎండిపోయాక అప్పు పత్రాలు ముందేసుకుని కూర్చున్న దేవరకొండ రైతుకు ఈ కథ విడమరచి చెప్పక్కర్లేదు. తేడా అల్లా, షెల్ ఆ నష్టాన్ని లెక్కల పుస్తకంలో రాసుకుని బతికి బట్టకట్టింది.

మార్కెట్ కూడా తన తీర్పు చెప్పేసింది. అభయారణ్యంలో లీజుల వేలం 2021 జనవరిలో పెడితే వచ్చిన బిడ్లు కోటీ నలభై లక్షల డాలర్ల చిల్లర. పెద్ద కంపెనీ ఒక్కటీ రాలేదు, ఎక్కువ బ్లాకులు అలాస్కా రాష్ట్ర ప్రభుత్వ సంస్థే పాడుకుంది. 2025 జనవరిలో రెండో వేలం పెడితే ఒక్క బిడ్డూ రాలేదు. అయినా వాషింగ్టన్‌లో ప్రభుత్వం మారినప్పుడల్లా ఆ గేటు తెరుస్తారు, మూస్తారు. నలభై ఏళ్ళుగా ఇది చమురు కంటే ఎక్కువ రాజకీయమే.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది మాత్రం నేల. అక్కడ భూమి కింద ఏళ్ళ తరబడి కరగని మంచునేల ఉంటుంది. 1977లో మొదలైన అలాస్కా పైపులైను పొడవు 1,300 కిలోమీటర్లు. వేడి చమురుకు నేల కరిగి కుంగకుండా సగానికి పైగా నేల మీదుగా స్తంభాలెత్తి తీసుకుపోయారు. ఆ స్తంభాల్లో చాలావాటిలో నేలలోని వేడిని పైకి లాగి గాలిలోకి వదిలే గొట్టాలుంటాయి. విల్లో దగ్గర కూడా అలాంటివే వాడాలన్నది ప్లాన్. చమురు కాల్చడం వల్ల నేల వేడెక్కుతోంది. ఆ నేలను చల్లబరిచే ఏర్పాటు చేసుకుని మళ్ళీ చమురే తీస్తారు. 1979 నుంచి చూస్తే ఆర్కిటిక్ భూగోళం సగటు కంటే దాదాపు నాలుగింతల వేగంతో వేడెక్కిందని 2022 నాటి ఒక అధ్యయనం తేల్చింది. కాబట్టి ఆ గొట్టాలకు పని తగ్గేదేం లేదు.

నేల కుంగితే ఏమవుతుందో రష్యాలోని నోరిల్స్క్ చూపించింది. 2020 మే 29న అక్కడ ఒక పవర్ ప్లాంటుకు చెందిన డీజిల్ ట్యాంకు కింద ఆధారాలు కుంగిపోయి, 21,000 టన్నుల డీజిల్ బయటికి కారింది. ఎక్కువ భాగం అంబర్నాయా నదిలో కలిసింది. అది చమురు బావి కాదు, మామూలు స్టోరేజ్ ట్యాంకు. సముద్రంలో లీకయితే సంగతి వేరు. 1989లో ఎక్సాన్ వాల్డెజ్ ఓడ నాలుగు కోట్ల లీటర్ల ముడి చమురు ఒలకబోసిన ప్రిన్స్ విలియం జలసంధి, మంచు గడ్డకట్టే సముద్రం కాదు. పడవలు తిరిగే చోటు, రేవు పక్కనే ఉంది. అక్కడే ఎత్తగలిగింది కొద్ది భాగం. రెండు దశాబ్దాల తర్వాత కూడా ఒడ్డున గులకరాళ్ళు తవ్వితే చమురు తగిలింది. చలికాలం చీకట్లో, మంచుపలకల కింద లీకయిన చమురును వెతికి ఎత్తే పద్ధతి నమ్మకంగా ఇంతవరకు ఎవరూ చేసి చూపించలేదు.

దక్షిణ ధ్రువం గురించి పెద్దగా చెప్పక్కర్లేదు. 1991లో సంతకాలు జరిగి 1998లో అమల్లోకి వచ్చిన మాడ్రిడ్ ఒప్పందం అక్కడ ఖనిజాల తవ్వకాన్నే నిషేధించింది. 2048 తర్వాత సమీక్ష అడిగే వీలుంది, అంతే. అక్కడ మైత్రి, భారతి పరిశోధన కేంద్రాలు నడుపుతున్న మన దేశం కూడా ఆ ఒప్పందంలో ఉంది.

ఇక ఇటువైపు. లీటరు డీజిల్‌లో సుమారు పది యూనిట్ల వేడి ఉంటుంది. ఇంజన్ అందులో మూడు, మహా అంటే నాలుగు యూనిట్ల పని చేస్తుంది. మిగతాది పొగగొట్టం నుంచి, రేడియేటర్ నుంచి పోతుంది. కరెంటు మోటారు తనకిచ్చిన దాంట్లో ఎనభై, తొంభై శాతం పని చేస్తుంది. మన ఎండకు, మెగావాటుకు నాలుగెకరాల చొప్పున, ఎకరం సోలార్ ఏడాదికి సుమారు మూడున్నర లక్షల యూనిట్లు ఇస్తుంది. లైన్లలో, చార్జింగులో, మోటారులో పోయేది పావు వంతు తీసేసినా, ఆ ఎకరం చేసే పని 65 వేల లీటర్ల డీజిల్ చేసే పనికి తక్కువ కాదు. ఇది కాగితం మీద లెక్కే. దాన్ని రోడ్డు మీదికి తెచ్చేది బ్యాటరీ.

స్కూటర్ల విషయంలో ఆ పని జరుగుతోంది. ఎలక్ట్రిక్ స్కూటర్ వంద కిలోమీటర్లకు మూడు యూనిట్ల చిల్లర తీసుకుంటుంది, అదే దూరానికి పెట్రోల్ బండికి రెండు లీటర్లు పోయాలి. ఇంటి కరెంటు పై స్లాబులో పడినా ముప్పై చిల్లర రూపాయలు ఒకవైపు, రెండు వందల పైన ఇంకోవైపు. మహబూబ్‌నగర్ పక్కన దివిటిపల్లిలో 2023 మేలో అమరరాజా బ్యాటరీ ఫ్యాక్టరీకి శంకుస్థాపన జరిగింది కూడా ఈ లెక్క మీదనే. హార్వెస్టర్, దుక్కి ట్రాక్టర్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం కథ ఆగిపోతుంది. సీజన్‌లో రాత్రీపగలూ తిరిగే యంత్రానికి చార్జింగ్ కోసం గంటలు గంటలు ఆగే తీరిక ఉండదు. మిర్యాలగూడ బంకు దగ్గర డబ్బాల వరస ఇంకో పదేళ్ళు ఉంటుందనే నా అంచనా. రోడ్లకు తారు, డ్రిప్పు పైపులకు ప్లాస్టిక్ కూడా ఆ ముడి చమురు నుంచే రావాలి.

పెట్రోలుకు నేరుగా ప్రత్యామ్నాయమని చెప్పేది ఇథనాల్. దేశం 2025లో 20 శాతం కలిపే స్థాయికి వచ్చేసింది. మక్కలు, నూకలు, చెరకు కలిసి పెట్రోలులోకి పోతున్నాయి. వినడానికి రైతుకు లాభంగానే ఉంటుంది. నారాయణపేట జిల్లా చిత్తనూరు వాళ్ళను అడిగితే ఇంకోలా చెప్తారు. అక్కడి ఇథనాల్ ఫ్యాక్టరీ వాసన మీద, వదిలే నీళ్ళ మీద నెలల తరబడి ఆందోళన జరిగి, 2023లో పోలీసులతో ఘర్షణ దాకా పోయింది. గద్వాల జిల్లా పెద్ద ధన్వాడలో 2025లో ఫ్యాక్టరీ కట్టకముందే జనం అడ్డుకున్నారు. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి పెట్రోలులో మూడింట రెండొంతులే. పైగా బోరు నీళ్ళతో, ఉచిత కరెంటుతో పండించిన వడ్ల నూకల నుంచి తీసే ఇంధనాన్ని శుభ్రమైనదనడానికి నాకైతే మనసు రాదు.

పక్కవాళ్ళ తవ్వకాన్ని తూర్పారబట్టే ముందు మన పెరడు కూడా చూసుకోవాలి. విల్లో ప్రాజెక్టు ముప్పై ఏళ్ళలో 23.9 కోట్ల టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కు కారణమవుతుందని అమెరికా ప్రభుత్వమే లెక్కేసింది. దాని మీద ప్రపంచమంతా గొడవ జరిగింది, లక్షలమంది పిటిషన్ల మీద సంతకాలు పెట్టారు. నల్లగొండ జిల్లా దామరచర్ల మండలం వీర్లపాలెంలో కట్టిన యాదాద్రి థర్మల్ కేంద్రం 4,000 మెగావాట్లది. యూనిట్లన్నీ మామూలు లోడు మీద నడిస్తే ఏటా రెండు కోట్ల టన్నులు దాటి వదులుతుంది. విల్లో ముప్పై ఏళ్ళ లెక్కకు దామరచర్లకు పన్నెండేళ్ళు చాలు. మనకు కరెంటు కావాలి, నిజమే. 2014కు ముందు కోతలు ఎలా ఉండేవో, రాత్రి రెండు గంటలకు కరెంటొస్తే బాయికాడికి టార్చిలైటుతో ఎలా పోయేవాళ్ళో ఇక్కడ ఎవరికీ గుర్తుచేయనక్కర్లేదు. అలాస్కా వాళ్ళు చెప్పేదీ ఇలాంటి మాటే.

వాళ్ళలోనూ అంతా ఒక్క మాట మీద లేరు. అభయారణ్యం తీర మైదానంలో పోర్క్యుపైన్ కారిబూ అనే ధ్రువపు జింకల మందలు ఈనుతాయి. ఆ మందల మీద బతికే గ్విచిన్ ఆదివాసులు తవ్వకం వద్దంటారు. అదే తీరంలో కాక్టోవిక్ ఊళ్ళో ఉండే ఇన్యుపియాట్ ఆదివాసుల్లో చాలామంది కావాలంటారు. బడి, ఆస్పత్రి, ఉద్యోగం చమురు డబ్బుతోనే వస్తాయని వాళ్ళ వాదన.

ఇది చదువుతుంటే నల్లమల గుర్తురాకుండా ఉండదు. అమ్రాబాద్ టైగర్ రిజర్వులో 83 చదరపు కిలోమీటర్లలో యురేనియం అన్వేషణకు 2019లో కేంద్రం స్థాయిలో సూత్రప్రాయ అనుమతి వచ్చింది. చెంచుపెంటల నుంచి హైదరాబాద్ దాకా వ్యతిరేకత లేచింది. ఆ సెప్టెంబర్‌లో శాసనసభ వద్దని తీర్మానం చేసింది. అంతకు ముందు 2000ల మొదట్లో నల్లగొండ జిల్లా లంబాపూర్, పెద్దగట్టులోనూ ఇదే పోరాటం. సాగర్ జలాశయం పక్కన యురేనియం తవ్వుతామంటే జనం ఊరుకోలేదు. గమనించాల్సింది ఏమంటే, అణు విద్యుత్తు కార్బన్ లెక్కలో శుభ్రమైనదే. శుభ్రమైన ఇంధనానికీ ముడి సరుకు ఎవరో ఒకరి అడవి కిందే ఉంటుంది. బ్యాటరీలోకి పోయే లిథియం కూడా చిలీ ఉప్పు మైదానాల నుంచో ఆస్ట్రేలియా గనుల నుంచో వస్తుంది. ఇక సోలార్ పలకలు చాలా ఏళ్ళు ఎక్కువగా చైనా నుంచే దిగుమతి అయ్యాయి. అయితే పలక ఒక్కసారి దిగితే పాతికేళ్ళు పని చేస్తుంది, చమురు ఓడ మాత్రం ప్రతి రోజూ రేవుకు రావాలి. ఈ తేడా చిన్నది కాదు. అదే అమ్రాబాద్ మండలం మాచారంలో 2025 మేలో గిరిజన రైతులకు సోలార్ పంపుసెట్ల పథకం మొదలైంది. ఒకే మండలంలో ఒకటి వద్దని, ఇంకోటి కావాలని. నేను రెండోదాని వైపే. పంపుసెట్టు చెడిపోతే మెకానిక్ వస్తాడు. యురేనియం కలిసిన భూగర్భ జలాన్ని, మంచు కింద పారిన చమురును బాగుచేసేవాడు ఎవడూ లేడు. ధ్రువ చమురు వద్దనడానికి నా దగ్గరున్న గట్టి కారణం ఇదే. ధర, రాజకీయం దీని తర్వాతే.

సోలార్‌కు అసలు పరీక్ష సాయంత్రం ఆరు తర్వాత. పగలు నడిచే వ్యవసాయ మోటార్లకు సోలార్ సరిగ్గా అతుకుతుంది. రాత్రి ఏసీలకు, చార్జింగ్ పెట్టిన స్కూటర్లకు అతకదు. దీనికి మందు కృష్ణ మీద ఎప్పట్నుంచో ఉంది. నాగార్జునసాగర్ ప్రధాన విద్యుత్ కేంద్రంలో ఎనిమిది యూనిట్లుంటే, 100.8 మెగావాట్ల చొప్పున ఏడు రెండువైపులా తిరుగుతాయి. ఒకవైపు తిరిగితే నీళ్ళు కిందికి దిగి కరెంటు తయారవుతుంది. కరెంటు ఇచ్చి ఎదురు తిప్పితే అవే పంపులై కింది నీళ్ళను మళ్ళీ జలాశయంలోకి తోస్తాయి. శ్రీశైలం ఎడమగట్టున భూగర్భంలో ఉన్న 150 మెగావాట్ల ఆరు యూనిట్లూ అలాంటివే. పగలు మిగిలిన సోలార్‌తో నీళ్ళు ఎక్కించి రాత్రి దించుకుంటే అదే బ్యాటరీ.

కానీ ఎక్కించాలంటే కింద నీళ్ళు నిలిచి ఉండాలి. సాగర్ దిగువన టెయిల్ పాండ్ అనే చిన్న జలాశయం కట్టింది అందుకే, దాని అవతలి గట్టు ఆంధ్రప్రదేశ్‌ది. 2023 నవంబర్ 30న, తెలంగాణ శాసనసభ ఎన్నికల పోలింగ్ రోజు, సాగర్ డ్యాం గేట్ల మీద రెండు రాష్ట్రాల పోలీసులు ఎదురెదురుగా నిలబడి, చివరికి కేంద్ర బలగాలు దిగాల్సి వచ్చింది. ఆ యూనిట్లు ఎదురు తిరిగే గంటలు పెరగాలంటే ఇంజనీర్ల కంటే ముందు రెండు రాష్ట్రాల మధ్య నీళ్ళ వ్యవహారం చూసే కృష్ణా బోర్డు సమావేశంలో కూర్చునేవాళ్ళు, నీళ్ళు పైకి ఎక్కించినప్పుడు అవి ఎవరి ఖాతాలో రాయాలో ఒక మాటకు రావాలి.